పంపించడానికే పెట్టుకున్నాం, చెల్లీ

"అక్కా, ఊరి చివర మాకు కాస్త ఖాళీ స్థలం ఉంది. రేకుల షెడ్డు వేసి వీధి కుక్కల్నీ పిల్లుల్నీ తెచ్చి పెట్టుకోవాలనుంది. ఏమంటావు?" అని ఈమధ్య చాలామంది చెల్లెళ్ళు అడుగుతున్నారు. విడివిడిగా చెప్పే తీరిక దొరకడం లేదు. పొయ్యి మీద నూకలు ఉడికేలోగా అందరికీ ఒక్కసారే చెప్పేస్తాను, కూర్చోండి.

ముందు నేనొకటి అడుగుతాను. తెచ్చి పెట్టుకున్నాక ఏం చేద్దామని? "ఏం చేస్తాం, కడుపునిండా పెట్టి చూసుకుంటాం" అంటారు. ఆ మాటలో ఉన్న ప్రేమని నేను కాదనను. కానీ నాటు కుక్క ఆరోగ్యంగా ఉంటే పన్నెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతుంది. వీధంతా తనదిగా తిరిగిన జీవం అన్నేళ్ళూ జాలీ వెనక, అటూ ఇటూ పదేసి గొంతులు మొరుగుతుంటే, అక్కడే తిని అక్కడే పడుకుని బతకడం నాకైతే అన్యాయమనిపిస్తుంది. అందుకే మా షెడ్డు సత్రం కాదు, ఆస్పత్రి. పుండు మానాలి, కట్టు విప్పాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అవ్వాలి, రేబిస్ ఇంజక్షన్ పడాలి, వెళ్ళిపోవాలి. దత్తతకి మంచి ఇల్లు దొరికితే ఆ ఇంటికి, లేదంటే పట్టుకొచ్చిన వీధికే. చూపు పోయినవీ, నడుము విరిగి వెనక కాళ్ళు పడిపోయినవీ, మరీ ముసలివీ మాత్రం మా దగ్గర ఉండిపోతాయి. మిగతావాటిని మేం తెచ్చుకునేదే పంపించడానికి.

ఇది విని కొందరికి కోపమొస్తుంది. "పాపం, మళ్ళీ రోడ్డు మీద వదిలేస్తారా?" అంటారు. వదిలేయడం వేరు, చేర్చడం వేరమ్మా. టీకొట్టు దగ్గర పుట్టిన కుక్కకి ఆ కొట్టాయన తెలుసు. ఏ ఇంటి అరుగు మీద పడుకోవచ్చో, ఏ సందులో కాలు పెట్టకూడదో తెలుసు. దాన్ని తీసుకెళ్ళి ముక్కూమొహం తెలియని పేటలో దింపితే అక్కడి గుంపు చీల్చేస్తుంది.

మొన్న వేసవిలో ఒక ఆడకుక్కని తెచ్చారు. వెనక భాగంలో కాలీఫ్లవరంత కంతి, నెత్తురు కారుతూ. ఈగలు ముసురుతుంటే ఆ వీధివాళ్ళు రాళ్ళతో తరిమేవాళ్ళట. "ఇంకేం బతుకుతుంది, ఇంజక్షన్ ఇచ్చి చంపేయండి, పుణ్యముంటుంది" అన్నారు తెచ్చినవాళ్ళే. మా డాక్టరుగారు చూసి, ఇది కుక్క నుంచి కుక్కకి కలయికలో అంటుకునే కాన్సర్, దీనికి మందుందన్నారు. వారానికొకసారి నరానికి విన్‌క్రిస్టిన్ ఎక్కించాలి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. వారం వారం ఆ కంతి కరిగిపోతుంటే మా దగ్గర పనిచేసే పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మందు ఎక్కడిదో తెలుసా? మన పెరట్లో, గుడి ప్రాకారం పక్కన, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూస్తుందే, ఆ బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసినది. అలాగని ఆకులు కోసి నూరిపోయకండి, ప్రాణం పోతుంది. అది డాక్టరు చేతిలోనే మందు. ఆ కుక్క ఇప్పుడు తన వీధిలోనే ఉంది. చెవి కొసన చిన్న కోత, ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. రాళ్ళు వేసినవాళ్ళే ఇప్పుడు దానికి 'గౌరి' అని పేరు పెట్టి మజ్జిగన్నం పెడుతున్నారు.

అదే కుక్క వచ్చిన రోజున మా దగ్గర గది ఖాళీ లేకపోతే? ఈ పనిలో అసలు కష్టం పురుగులు పట్టిన పుండు కడగడం కాదు చెల్లీ. "ఇప్పుడు చోటు లేదమ్మా" అని చెప్పడం. ఫోన్లో ఏడుస్తారు, తిడతారు, చివరికి రాత్రిపూట గేటు దగ్గర అట్టపెట్టె పెట్టి వెళ్ళిపోతారు. కళ్ళు తెరవని పిల్లలుంటాయి అందులో. ఇల్లు మారుతున్నామని, బదిలీ అయిందని, కోడలు నీళ్ళోసుకుందని పెంచుకున్న కుక్కల్నీ కట్టేసి పోతారు. కోడలి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పిల్లి వల్ల గర్భిణికి టాక్సోప్లాస్మా అనే క్రిమి సోకుతుందని భయపడి పిల్లిని బయట పారేయనక్కర్లేదు. పిల్లి మలం ఎత్తే పని ఇంట్లో ఇంకొకరు చేస్తే, ఆమె తోటపని చేశాక చేతులు కడుక్కుంటే, మాంసం బాగా ఉడికించి తింటే, జాగ్రత్త చాలావరకు తీసుకున్నట్టే. ఒకసారి డాక్టరమ్మనీ అడగండి.

చోటు లేకపోయినా తీసుకుంటే ఏమవుతుందో చెబుతాను. పార్వో అనే జబ్బుంది, కుక్కపిల్లల్ని తుడిచిపెట్టేస్తుంది. ముందు అన్నం ముట్టదు, మూలకి పోయి ముడుచుకుంటుంది. తర్వాత వాంతులు, నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఒకసారి ముక్కుకి తగిలితే జన్మలో మరిచిపోం. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి చావదు. మామూలు ఫినాయిల్‌కి లొంగదు. ముందు మురికంతా కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచితేనే పోతుంది. మట్టి నేలని అలా కడగలేం. అందుకే పైన రేకుల కంటే ముందు కింద గచ్చు చూసుకోండి. నీళ్ళు నిలవకుండా వాటం పెట్టించి, కాలువ బయటికి తీయించండి. కొత్తగా వచ్చిన ప్రతి జీవాన్నీ రెండు వారాలు విడిగా, వేరే గిన్నెలతో, వేరే చెప్పులతో చూడాలి. జాలిపడి ఆ విడి గదిలోకి రెండిటిని మూడిటిని కుక్కితే, కొద్ది రోజులకే లోపలున్న పిల్లలన్నీ పడకేస్తాయి. పిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారాలకొకసారి పదహారో వారం దాకా వేయిస్తూనే ఉండాలి. మూడో నెల నిండితే రేబిస్ టీకా.

తిండి సంగతి తేలికే. నూకలు, చికెన్ కొట్టువాళ్ళిచ్చే మెడలూ కాళ్ళూ, చిటికెడు పసుపు. ఎముకలు పొడిగా విరిగేలా ఉంటే తీసేస్తాం, పేగులో గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి వేయం; కుక్కకీ పిల్లికీ రెండింటికీ అవి రక్తకణాల్ని పాడుచేస్తాయి. రోహిణి కార్తెలో మా వైపు ఎండ తెలుసుగా, అప్పుడు పొద్దున్నే ఒక పూట, చీకటిపడ్డాక ఒక పూట.

పిల్లుల దారి వేరు. మనవాళ్ళు పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టి మురిసిపోతారు. దానికి టారిన్ అనే పదార్థం కావాలి, అది మాంసం, చేపల్లో ఉంటుంది. అది అందకపోతే గుండె చెడుతుంది, కంటిచూపు పోతుంది. ఇంకొకటి, గట్టిగా పట్టుకుని చెబుతున్నాను: జ్వరంగా ఉందని పిల్లికి పారాసిటమాల్ వేయకండి. అర మాత్ర చాలు దాన్ని చంపడానికి. తల్లిలేని పిల్లలు దొరికితే ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. చల్లబడ్డ పిల్లకి పాలు పోస్తే అరగవు. ఆవుపాలు పడవు, విరేచనాలవుతాయి. పిల్లి పిల్లల పాలపొడి దొరుకుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు తాగాక గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితో వెనక మెల్లగా తుడవాలి, తల్లి నాకితే తప్ప వాటంతట అవి మూత్రం పోయలేవు. రెండు మూడు గంటలకొకసారి, రాత్రంతా. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గోడ పక్కన పిల్లి పిల్లలు కనబడగానే సంచీలో వేసుకుని మా దగ్గరికి పరుగెత్తకండి. తల్లి వేటకెళ్ళి ఉంటుంది. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. తల్లి కంటే బాగా మేమెవ్వరం పెంచలేం.

ఇక కరిచే మాట. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చంపేశాయి. ఆ వార్త విన్న తల్లులు కుక్కని చూసి రాయెత్తితే నేను తప్పుపట్టను. ఆ భయం నిజం. కుక్కల్ని ప్రేమించేవాళ్ళం ఆ భయాన్ని కొట్టిపారేస్తే మా మాట ఎవరూ వినరు, వినకూడదు కూడా. మనుషులకి వచ్చే రేబిస్‌లో నూటికి తొంభైతొమ్మిది కేసులు కుక్కల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. కరిస్తే కారం, సున్నం, ఆకుపసరు పెట్టకండి. కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టండి, చెప్పిన తేదీలన్నిటికీ వెళ్ళండి. నెత్తురొచ్చేలా కరిస్తే పుండు చుట్టూ ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా అడగండి. మా దగ్గర పనిచేసే వాళ్ళకి ముందస్తు టీకాలు వేయించకుండా కుక్క మీద చెయ్యి వేయనివ్వం.

అయితే ఆ భయానికి మందు చంపడమా, జాలీలో పెట్టడమా? ఒక వీధిలో కుక్కలన్నిటినీ ఎత్తుకుపోతే, అక్కడి చెత్తకుప్ప, చికెన్ కొట్టు వ్యర్థాలు అలాగే ఉంటే, పక్క పేట నుంచి కొత్తవి వస్తాయి. వాటికి టీకా ఉండదు, ఆపరేషన్ ఉండదు. కుక్క గర్భం సుమారు అరవై మూడు రోజులు, ఏడాదికి రెండుసార్లు ఈనగలదు. లెక్క మీరే వేసుకోండి. అదే డెబ్బై శాతం కుక్కలకి టీకా పడితే ఆ ఊళ్ళో రేబిస్ గొలుసు తెగుతుంది. చెన్నై బ్లూక్రాస్ వాళ్ళు 1964లోనే ఆపరేషన్ల దారి పట్టారు. మన దగ్గర 1992లో నటి అమల గారు హైదరాబాద్ బ్లూక్రాస్ మొదలుపెట్టారు, 1996 నుంచి విశాఖలో మూగజీవాల సొసైటీ పనిచేస్తోంది. కేంద్రం 2001లో నిబంధనలు తెచ్చి, 2023లో కొత్తవి తెచ్చింది: పట్టు, ఆపరేషన్ చెయ్యి, టీకా వెయ్యి, పట్టిన చోటే వదులు.

2025లో సుప్రీంకోర్టు మాటలు మీరూ వినే ఉంటారు. ఆగస్టు 11న ఢిల్లీలోనూ చుట్టుపక్కలా ఉన్న కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. 22న ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప మిగతావి టీకా, ఆపరేషన్ అయ్యాక వాటి చోటికే చేర్చమన్నారు, తిండి మాత్రం కేటాయించిన చోట్లలోనే పెట్టమన్నారు. నవంబర్ 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని తీసేసి మళ్ళీ అక్కడ వదలొద్దన్నారు. బడిపిల్లల గురించి కోర్టు పడిన ఆదుర్దా నాకర్థమవుతుంది. కానీ రోజూ గచ్చు కడిగేదాన్నిగా చెబుతున్నాను, అన్నిటినీ పట్టే షెల్టర్ ఏ ఊళ్ళోనూ లేదు. గోడలు కట్టగలరు. విడి గదులు, డాక్టర్లు, రాత్రి సెలైన్ ఎక్కించే చేతులు ఎక్కణ్ణుంచి తెస్తారు?

చట్టం అంటే గుర్తొచ్చింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వెనక రాజ్యసభలో పోరాడిన మనిషి ఒక నర్తకి, రుక్మిణీదేవి అరండేల్. ఎంత గొప్ప పనో! కానీ అందులో మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఈనాటికీ అంతే. మన భారతం మొదట్లోనే సరమ అనే దేవలోకపు కుక్క కొడుకుని, ఏ తప్పూ చేయని కుక్కపిల్లని, జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారని ఆ తల్లి యాగం జరిగే చోటికి వచ్చి నిలదీస్తుంది. ఆ నిలదీతకి ఇచ్చిన విలువ కూడా మన చట్టం ఇవ్వలేదనిపిస్తుంది నాకు.

అందుకని చెల్లీ, షెడ్డు కంటే ముందు నీ వీధి తీసుకో. ఎన్ని కుక్కలున్నాయో, ఆడవెన్నో, చెవి కోత లేనివెన్నో రాసుకో. వాటికి రోజూ ఒకే చోట, ఒకే వేళకి, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా అన్నం పెట్టు. మచ్చికైతే వల అక్కర్లేదు, ఆటోలో ఎక్కించి తీసుకుపోవచ్చు. మున్సిపాలిటీ ఆపరేషన్ల బండి ఎప్పుడొస్తుందో కనుక్కో. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ లాంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి, వాళ్ళ ఆస్పత్రికి వెళ్ళు. తిట్టే పొరుగింటి వదినతో తగువు పడకు. ఆపరేషన్ కాగితం, టీకా కాగితం తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టు. నా అనుభవంలో నూరు మాటలు చేయని పని ఆ రెండు కాగితాలు చేశాయి.

వీధి నిలబడ్డాక కూడా షెడ్డు వేయాలనే ఉంటే తప్పకుండా వేద్దువు. ఎన్నిటికి చోటో డాక్టరుతో కూర్చుని ముందే తేల్చుకుని గోడ మీద రాయించు, ఆ అంకె దాటకు. తిండికంటే ముందు మందుల డబ్బు, జీతాల డబ్బు పక్కన పెట్టు. నీకు జ్వరమొస్తే తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ఆలోచించు.

మాకేం పంపమంటారని అడిగినవాళ్ళకి: పాత దుప్పట్లు, గోనెసంచులు, పాత పేపర్లు, వెడల్పాటి స్టీలు బేసిన్లు. పేపర్లయితే ఎన్నైనా సరే, పిల్లలున్న గదిలో గంటకోసారి మార్చాల్సిందే. వచ్చేముందు ఫోన్ చేయండి, మధ్యాహ్నం అవి పడుకునే వేళ. బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం తేకండమ్మా, ఆ తీపి వాటికి మంచిది కాదు. ఆ డబ్బు కూడబెట్టి మీ సందు చివర కుక్కకి ఒక్క రేబిస్ టీకా వేయించండి.