అమెరికా బడుల్లో ‘స్టాండర్డ్స్’ వివాదం – ఒక పరిశీలన

మన విద్యాశాస్త్ర పుస్తకాల్లో అమెరికా అనగానే జాన్ డ్యూయీ పేరు, ఆయన ఇచ్చిన నిర్వచనం కనిపిస్తాయి. అక్కడి బడుల మీద 40 ఏళ్లకు పైగా సాగుతున్న పెద్ద వివాదం గురించి నేను పి.జి.కి వచ్చాకే చదివాను. తమ్ముళ్లారా, ఈ గొడవ మనకెందుకు అనుకోకండి. అందులో పదే పదే వినబడే మాట ‘స్టాండర్డ్స్ పడిపోయాయి’ అన్నది. హాస్టల్ దాటి పెద్ద కాలేజీలో అడుగుపెట్టిన మన సీనియర్లకు ఆ మాట పరిచయమే. దానికి ముందుండే ‘వీళ్లు వచ్చాక’ అన్న ముక్కను కొందరు పైకే అంటారు, కొందరు మింగేస్తారు.

రీగన్ అధ్యక్షుడుగా ఉన్న రోజుల్లో, 1983 ఏప్రిల్‌లో ‘ఎ నేషన్ ఎట్ రిస్క్’ అనే నివేదిక వెలువడింది. దేశం ప్రమాదంలో ఉందని ఆ పేరుకు అర్థం. జపాన్ కార్లు అమెరికా మార్కెట్‌ను ముంచెత్తుతున్న కాలమది. దేశం వెనకబడటానికి బడుల్లో చదువు సన్నగిల్లడం ఒక ముఖ్య కారణమని నివేదిక తేల్చింది. అది చూపిన రుజువుల్లో ఒకటి శాట్. కాలేజీలో చేరగోరే విద్యార్థులు రాసే పరీక్ష అది. 1963 నుంచి 1980 వరకు దాని సగటు మార్కులు ఇంచుమించు ఏటేటా తగ్గాయి.

1990లో శాండియా జాతీయ ప్రయోగశాల నిపుణులు ఈ లెక్కలను తిరగదోడారు. వీళ్లు ఉపాధ్యాయులు కారు, అణ్వాయుధాల సంస్థలో పనిచేసేవాళ్లు. 1970ల చివరి నుంచి చూస్తే, వర్గాలవారీగా విడదీసినప్పుడు ఏ వర్గం మార్కులూ చెప్పుకోదగ్గంత తగ్గలేదని, కొన్ని పెరిగాయని వాళ్లు తేల్చారు. మరి మొత్తం సగటు పెరగలేదేం? పరీక్ష రాసేవాళ్లు మారారు. అంతకుముందు ఆ హాలు గుమ్మం తొక్కని కుటుంబాల పిల్లలు వచ్చి కూర్చున్నారు.

దీన్ని మన లెక్కల నోటుబుక్కులో వేసి చూడండి. పోయినేడు కలిగినవాళ్ల పిల్లలు 8 మంది రాశారు, సగటు 70. పేదింటి పిల్లలు ఇద్దరు రాశారు, సగటు 40. మొత్తం సగటు 64. ఈ ఏడు కలిగినవాళ్ల పిల్లలు మళ్లీ 8 మందే, సగటు 72. పేద పిల్లలు ఈసారి 8 మంది, సగటు 44. ఇద్దరూ మెరుగయ్యారు. కానీ మొత్తం సగటు 58కి పడింది! పేపర్లో హెడ్డింగు మాత్రం ‘పడిపోయిన ప్రమాణాలు’ అనే వస్తుంది.

తగ్గుదలంతా దీనివల్లే అంటే కూడా పొరపాటే. 1970 తర్వాతి తగ్గుదలకు వేరే కారణాలు కూడా ఉన్నాయని కాలేజీ బోర్డు నియమించిన నిపుణుల సంఘం 1977లోనే చెప్పింది. మనకు అనుకూలమైన లెక్కనైనా పూర్తిగా చూడాలి కదా.

ఇక డబ్బు సంగతి. అక్కడ బడి ఖర్చులో చాలా భాగం ఆ ప్రాంతపు ఆస్తిపన్ను నుంచి వస్తుంది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనేది పేద మెక్సికన్ అమెరికన్ల ప్రాంతం, ఆలమో హైట్స్ సంపన్నులది. 1967-68లో ఎడ్జ్‌వుడ్ వాళ్లు ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టారు. ఆలమో హైట్స్ వాళ్లు కట్టింది 85 సెంట్లే. అయినా స్థానిక పన్ను నుంచి ఎడ్జ్‌వుడ్ బడులకు విద్యార్థికి 26 డాలర్లు, ఆలమో హైట్స్‌కు 333 డాలర్లు దక్కాయి. ఎక్కువ రేటున కట్టిందీ పేదలే, తక్కువ పొందిందీ పేదలే. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ల వాదన తోసిపుచ్చింది. ఆ దేశ రాజ్యాంగంలో విద్య ప్రాథమిక హక్కు కాదన్నది. (మనకు 2002 సవరణతో 21ఎ అధికరణ వచ్చింది. అక్కడ అలాంటిది నేటికీ లేదు.)

2002 జనవరిలో బుష్ ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం మీద సంతకం చేశారు. 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా, హైస్కూల్లో ఒకసారి, రీడింగు, లెక్కల్లో పరీక్షలు పెట్టాలి. నల్లజాతి పిల్లలు, పేద పిల్లలు, వికలాంగులు, ఇంగ్లీషు ఇంట్లో లేనివాళ్లు – ప్రతి వర్గం ఫలితాన్నీ బడి విడివిడిగా ప్రకటించాలి. నా దృష్టిలో ఆ చట్టంలో ఉన్న గొప్ప మేలు ఇదే. అంతవరకు మంచి సగటు చాటున వెనకబెంచీ పిల్లలను దాచేయగలిగిన బడి ఇక దాచలేకపోయింది.

కానీ 2014 కల్లా నూటికి నూరు మందీ గట్టెక్కాలన్నారు, లేకుంటే బడికి శిక్షలన్నారు. పాస్ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేది రాష్ట్రాలే కాబట్టి కొన్ని దాన్ని కిందికి దించాయి. కొన్ని బడులు గీతకు ఒకటి రెండు మార్కుల కింద ఉన్నవాళ్లనే పట్టుకుని రుద్దాయి, అట్టడుగున ఉన్నవాళ్లను వదిలేశాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల ముందు ఇది మనం చూడనిదా? అట్లాంటాలో అయితే ఉపాధ్యాయులే పిల్లల జవాబులు చెరిపి దిద్దారు. 2009 పరీక్షలపై జరిగిన విచారణ 44 బడుల్లో 178 మందిని తప్పుపట్టింది. అక్కడ నష్టపోయింది ఎవరంటే, చదవడం రాకుండానే ‘పాసై’ పై తరగతికి పోయిన పిల్లలు.

2015లో వివాదం తిరగబడింది. న్యూయార్క్ రాష్ట్రంలో సుమారు 20 శాతం పిల్లల చేత తల్లిదండ్రులు పరీక్షలు మానిపించారు. అదే ఏడు జనవరిలో పౌరహక్కుల సంఘాలు మాత్రం ఏటా పరీక్ష ఉండాల్సిందేనని పట్టుబట్టాయి. లెక్క ఆపేస్తే మా పిల్లలు మళ్లీ కనబడకుండా పోతారన్నది వాళ్ల భయం. నాకు ఈ వాదనే బలంగా తోస్తుంది, అయితే లెక్కతోపాటు డబ్బు, టీచరు కూడా రావాలి. పేద రాష్ట్రమైన మిసిసిపీ 2013 నుంచి చదవడం నేర్పే పద్ధతిలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది, బడులకు శిక్షకులను పంపింది, మూడో తరగతిలో చదవలేని వాళ్లను ఆపింది. 2024 జాతీయ పరీక్షలో దాని నాలుగో తరగతి రీడింగు సగటు దేశ సగటును దాటింది.

2015 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం శిక్షల సంగతి చాలావరకు రాష్ట్రాలకు వదిలింది. పరీక్షలను, వర్గాలవారీ లెక్కను మాత్రం ఉంచింది. 2024 నవంబరులో మసాచుసెట్స్ ఓటర్లు హైస్కూలు సర్టిఫికెట్టుకు పదో తరగతి రాష్ట్ర పరీక్ష పాసవ్వాలన్న షరతును ఎత్తేశారు. పరీక్ష మాత్రం ఆగలేదు. ఏ వర్గం పిల్లలకు ఎన్ని మార్కులు వచ్చాయో బయటపెట్టడమూ ఆగలేదు.