గర్భనిరోధక మాత్రలు – రకాలు, పనిచేసే తీరు

– పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)



హాస్టల్ సంచికలో ఈ విషయం ఏమిటని కొందరు అనుకోవచ్చు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠాన్ని మనం పరీక్ష కోసం చదివి వదిలేస్తాం. కానీ అది మన ఇళ్ళలో పనికొచ్చే పాఠం. మా అన్నయ్య విశాఖలో కూలిపని చేస్తూ నెలకోసారి అరకు దగ్గర మా ఊరికి వచ్చేవాడు. అతను ఉన్న రెండు రోజులే మా వదిన మాత్ర వేసుకునేది. ఒళ్ళో బిడ్డకు ఏడాదిన్నర నిండకముందే మళ్ళీ నెల తప్పింది. మాత్ర పనిచేయదని ఊరంతా అన్నారు. నిజానికి లోపం మాత్రలో లేదు. వాడే పద్ధతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మాత్ర ఎలా పనిచేస్తుంది?

మెదడు కింద ఉండే పీయూష గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. వాటి ప్రభావంతో నెలకోసారి అండాశయం నుండి అండం విడుదలవుతుంది. మాత్రలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్‌లను పోలిన హార్మోన్లు ఉంటాయి. స్టోర్‌రూమ్‌లో బియ్యం నిండుగా ఉంటే వార్డెన్ గారు ఇండెంట్ పెట్టరు కదా! అలాగే రక్తంలో ఈ హార్మోన్లు ఉన్నంతకాలం మెదడు ఆజ్ఞ పంపదు, అండం విడుదల కాదు. గర్భాశయ ముఖద్వారం వద్ద జిగురు చిక్కబడి శుక్రకణాలను కూడా అడ్డుకుంటుంది. రోజూ వేసుకోకపోతే స్టోర్ ఖాళీ అయినట్టే.

రకాలు

1. మిశ్రమ మాత్రలు: ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ఈ రకమే. ప్యాకెట్‌లో 28 మాత్రలుంటాయి. 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. ఐరన్ మాత్రలు రక్తహీనతకు మంచివి, రోజూ వేసుకునే అలవాటు తప్పకుండా కూడా చూస్తాయి. ఒకరోజు మరచిపోతే గుర్తురాగానే వేసుకొని, తర్వాతిది మామూలు వేళకు వేసుకోవాలి. వరుసగా రెండు లేదా అంతకన్నా ఎక్కువ హార్మోన్ మాత్రలు మరచిపోతే, గుర్తురాగానే ఒకటి వేసుకొని కొనసాగిస్తూ 7 రోజులు నిరోధ్ కూడా వాడాలి.

2. ప్రొజెస్టిరాన్ మాత్రలు: వీటిలో ఈస్ట్రోజన్ ఉండదు. పాలిచ్చే తల్లులు వాడవచ్చు. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి.

3. ఛాయ: ఇందులో హార్మోన్లు లేవు. మందు పేరు సెంట్‌క్రోమన్. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మన శాస్త్రవేత్తలు తయారుచేశారు. 1991లో 'సహేలి' పేరుతో వచ్చింది. 2017లో ప్రభుత్వం 'ఛాయ' పేరుతో ప్రవేశపెట్టింది. గర్భాశయ లోపలి పొరను పిండం అంటుకోవడానికి అనువుగా లేకుండా చేస్తుంది. నెలసరి మొదటి రోజున మొదలుపెట్టి, మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ఉదాహరణకు మొదటిది ఆదివారమైతే రెండోది బుధవారం. నాలుగో నెల నుండి ఆదివారం మాత్రమే. వారపు సంత రోజు మరచిపోని మన అమ్మలకు ఇది సులువు. పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది. 15 రోజులు దాటితే పరీక్ష చేయించుకోవాలి.

4. అత్యవసర మాత్ర: కలయిక జరిగిన 72 గంటలలోపు ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఇది అండం విడుదలను ఆలస్యం చేస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసివేయదు. రోజువారీ పద్ధతిగా వాడకూడదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

మిశ్రమ మాత్రలు అందరికీ సరిపడవు. ఆరు నెలల లోపు బిడ్డకు పాలిచ్చేవారు, అధిక రక్తపోటు, కాలేయ జబ్బు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారు వాడకూడదు. 35 ఏళ్ళు దాటి పొగ తాగేవారికీ ప్రమాదమే. మన ప్రాంతంలో అడ్డపొగ తాగే అమ్మలు దీన్ని గుర్తుంచుకోవాలి. మన కొండల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరుకు చెప్పాలి. టి.బి.కి వాడే రిఫాంపిసిన్ మిశ్రమ మాత్రల శక్తిని తగ్గిస్తుంది.

మొదటి రెండు మూడు నెలలు వికారం, కొద్దిగా రక్తం కనిపించడం మామూలే. ఛాతీలో నొప్పి, పిక్కలో వాపు, భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అపోహలు – నిజాలు

మాత్రలు వాడితే ఇక పిల్లలు పుట్టరనేది అపోహ. ఆపిన తర్వాత మళ్ళీ గర్భం వస్తుంది. మాత్ర హెచ్.ఐ.వి. నుండి కాపాడుతుందనేది కూడా అపోహే. దానికి నిరోధ్ కావాలి.

ముగింపు

చెల్లెళ్ళారా, 18 ఏళ్ళ లోపు పెళ్ళి చట్టవిరుద్ధం. ముందు చదువు పూర్తి చేయండి. పెళ్ళయ్యాక కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ళ ఎడం ఉంటే తల్లికి, బిడ్డకు బలం. తమ్ముళ్ళారా, ఇది ఆడవాళ్ళ పని మాత్రమే అనుకోవద్దు. ఇటుకల పండుగకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అక్కకో వదినకో ఈ పేజీ చదివి వినిపించండి. తర్వాత ఆశా కార్యకర్తనో ఏ.ఎన్.ఎం. గారినో కలిసి, ఏ మాత్ర సరిపడుతుందో అడగమనండి. మా వదిన ఇప్పుడు వారానికొకసారి ఛాయ వేసుకుంటోంది. రోజు గుర్తుచేసేది మా అన్నయ్యే.