పోటీ పరీక్షల ప్రత్యేకం: పరోపకారం – పరిణామ సిద్ధాంతాలు

నిర్వచనం: తనకు నష్టం కలిగినా ఇతర జీవి మనుగడకు, సంతానోత్పత్తికి తోడ్పడే ప్రవర్తనే జీవశాస్త్రంలో పరోపకారం. ఇక్కడ ఉద్దేశం కాదు, ఫలితమే ప్రమాణం.

సిద్ధాంతాలు
- 1871, డార్విన్: ‘ది డీసెంట్ ఆఫ్ మ్యాన్’. సభ్యులు పరస్పరం సాయపడే తెగలు ఇతర తెగలపై పైచేయి సాధిస్తాయి.
- 1964, డబ్ల్యూ.డి. హామిల్టన్: బంధువుల మనుగడ ద్వారా మన జన్యువులూ నిలుస్తాయి. సూత్రం: rB > C. r – జన్యు సంబంధం, B – పొందేవారి లాభం, C – చేసేవారి నష్టం.
- 1964, జాన్ మేనార్డ్ స్మిత్: ‘బంధు వరణం’ అనే పదం.
- 1971, రాబర్ట్ ట్రివర్స్: పరస్పర పరోపకారం. బంధుత్వం అక్కర్లేదు, పదేపదే ఎదురుపడటం, సాయాన్ని గుర్తుంచుకోవడం అవసరం.
- 1975, అమోత్జ్ జహావి: హ్యాండీక్యాప్ సూత్రం. ఖరీదైన సాయం సమర్థతకు సంకేతం.
- 1998, నోవాక్, సిగ్మండ్: పరోక్ష ప్రతిఫలం. మంచిపేరు వల్ల మూడో వ్యక్తి నుంచి సాయం అందుతుంది.

r విలువలు
- తల్లి–బిడ్డ, తోబుట్టువులు: 1/2
- తాత–మనవడు, మేనమామ–మేనల్లుడు: 1/4
- అన్నదమ్ముల పిల్లల మధ్య: 1/8
- ఒకే తండ్రికి పుట్టిన కూలి తేనెటీగలు: 3/4

అడిగే అవకాశం ఉన్నవి
- రక్తం పంచుకునే వాంపైర్ గబ్బిలాలు: జెరాల్డ్ విల్కిన్సన్, 1984.
- ‘టిట్ ఫర్ టాట్’ వ్యూహం: అనటోల్ రాపొపోర్ట్. ఇలాంటి వ్యూహాల మధ్య జరిగిన పోటీల నిర్వాహకుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్.
- ‘ది సెల్ఫిష్ జీన్’, 1976: రిచర్డ్ డాకిన్స్.
- బంధు వరణ ఆలోచనను ముందే సూచించిన జె.బి.ఎస్. హాల్డేన్ భారత పౌరసత్వం తీసుకున్నారు. 1964లో భువనేశ్వర్‌లో మరణించారు.

పొరపడొద్దు: ‘స్వార్థ జన్యువు’ అంటే మనిషి స్వార్థపరుడని కాదు. జన్యువు మనుగడకు పరోపకారమూ ఒక మార్గమే.