కంప్యూటర్ పాఠం: వచ్చిన ప్యాకెట్టును విప్పడం ఎలా?



ఈ సంచికలో చాటింగ్ ప్రోగ్రాం గురించి రాస్తున్నాను. హాస్టల్లో ఫోన్లు కావాలని అడగడానికి కాదు, వార్డెన్ సార్ కంగారు పడక్కర్లేదు. ఒక మెసేజి వైరు మీద వచ్చి అవతలి కంప్యూటర్లో అక్షరాలుగా తేలేలోపు ఏం జరుగుతుందో తెలుసుకుందామని మాత్రమే. పంపేవాడి పని తేలిక. కష్టమంతా అందుకునేవాడిదే.

ముందు చిన్న చరిత్ర. 1996లో ఇజ్రాయెల్ దేశంలో మిరబిలిస్ అనే కంపెనీ ఐసీక్యూ అనే ప్రోగ్రాం తెచ్చింది. 1997లో అమెరికాలో ఏఓఎల్ కంపెనీ ఏఐఎం అనే మెసెంజర్ విడుదల చేసింది. ఇప్పుడు రెండూ లేవు. ఏఐఎం 2017 డిసెంబరు 15న, ఐసీక్యూ 2024 జూన్ 26న మూతపడ్డాయి. పోయినవాటి గురించి ఎందుకంటారా? సైన్సు ల్యాబులో సీసాలో ఉన్న కప్ప లాంటిది ఏఐఎం. కదలదు కాబట్టి లోపల ఏముందో నిదానంగా చూడొచ్చు. ఇప్పటి వాట్సాప్ లాంటివి అన్నీ తాళం వేసి పంపుతాయి, బయటివాళ్లకి లోపలిది కనపడదు.

ఏఐఎం వాడిన భాష పేరు ఆస్కార్. ఆ పేరులో మొదటి అక్షరానికి అర్థం "తెరిచి ఉన్నది" అని. కానీ కంపెనీ దాన్ని చాలా ఏళ్లు రహస్యంగానే ఉంచింది! బయటి కుర్రవాళ్లు వచ్చిపోయే బైట్లను చూసి చూసి దాన్ని పట్టేశారు. (బైటు అంటే 0 నుంచి 255 వరకు ఏదో ఒక అంకె పట్టే చిన్న గడి.)

ఇప్పుడు అసలు పాఠం. అందరూ పొరపాటు పడే చోటు ఇదే, జాగ్రత్తగా చదవండి.

మనం ప్యాకెట్ అనగానే ఉత్తరంలాగా ఊహించుకుంటాం. ఒకరు ఒక కవరు పంపితే మనకి ఒక కవరు వస్తుందని. ఇంటర్నెట్లో అలా నడిచే పద్ధతి ఉంది, దాని పేరు యూడీపీ. మొదట్లో ఐసీక్యూ దాన్నే వాడింది. అందులో కవరు దారిలో పోవచ్చు, వెనకది ముందు రావచ్చు. ఏఐఎం వాడినది టీసీపీ. టీసీపీ కవరు కాదు, కుళాయి. పంపినది ఒక్క చుక్క పోకుండా, వరుస తప్పకుండా వస్తుంది. కానీ ఎక్కడ ఒక మెసేజి అయిపోయి ఇంకోటి మొదలైందో కుళాయి చెప్పదు. పైన ట్యాంకులో ఇద్దరు చెరో బకెట్ నీళ్లు పోశారు. కింద పట్టుకునేవాడికి ఎవరి నీళ్లు ఎక్కడితో ఆగాయో తెలుస్తుందా? ఇదీ అంతే. అవతలి వాడు ఒకసారి పంపినది మనకి మూడు ముక్కలుగా రావచ్చు. మూడుసార్లు పంపినది ఒకే ముద్దగా కూడా రావచ్చు. తప్పు ఎవరిదీ కాదు.

మరి విడదీయడం ఎలా? పంపేవాడే ప్రతి ప్యాకెట్ ముందు ఒక చిన్న చీటీ పెడతాడు. ఆస్కార్ లో ఆ చీటీ పేరు ఫ్లాప్. దానికి సరిగ్గా 6 బైట్లు. ఇలా ఉంటుంది:

42 | 2 | 0 | 7 | 0 | 90

మొదటి బైటు ఎప్పుడూ 42. అది నక్షత్రం గుర్తుకి కంప్యూటర్ అంకె, "ఇక్కడ చీటీ మొదలు" అని అర్థం. రెండోది చానెల్. 1 అయితే లాగిన్ కి, 2 అయితే మామూలు కబుర్లకి, 4 అయితే లైను ముగించడానికి, 5 అయితే "బతికే ఉన్నాను" అని చెప్పడానికి. తర్వాతి రెండు బైట్లు వరుస నంబరు. ఆఖరి రెండు వెనక ఎన్ని బైట్లు వస్తాయో చెప్పే పొడవు.

రెండు బైట్ల అంకె చదవడంలో ఒక కిటుకు ఉంది. మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలపాలి. 1, 44 అని ఉంటే 256 + 44 = 300. తిరగేసి చదివితే 11,265 అవుతుంది! చాలా ఇళ్లలో వాడే కంప్యూటర్ చిప్పులు తమ లోపల తిరగేసే దాచుకుంటాయి కాబట్టి ప్రోగ్రాం రాసేవాడు ఈ మార్పు గుర్తుపెట్టుకుని చేయాలి.

ఇక లెక్క. వచ్చిన బైట్లు పోసుకోవడానికి ప్రోగ్రాం ఒక తొట్టి పెట్టుకుంటుంది. దాన్ని బఫర్ అంటారు. మొదట 4 బైట్లు వచ్చాయనుకోండి. చీటీయే పూర్తిగా రాలేదు, పొడవు ఎంతో తెలీదు. ఏమీ చేయకూడదు, ఉంచాలి. తర్వాత 60 వచ్చాయి. మొత్తం 64. ఇప్పుడు చీటీ చదవొచ్చు. పొడవు 90 అంది. చీటీతో కలిపి 96 కావాలి, ఇంకా 32 తక్కువ. మళ్లీ ఉంచాలి. మూడోసారి 70 వచ్చాయి. మొత్తం 134. అందులో 96 తీసి పనికి పంపితే 38 మిగిలాయి. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగకూడదు! మిగిలిన 38లో ఇంకో చీటీ ఉంది. అది 20 అంటోంది, అంటే 26 తీయాలి. ఇంకా 12 మిగిలాయి. దాంట్లో మూడో చీటీ 100 అంటోంది. 106 కావాలి, 94 తక్కువ. ఇప్పుడు ఆగాలి. ఆ 12నీ పారబోయకుండా తొట్టిలోనే ఉంచాలి. పారబోస్తే తర్వాత వచ్చే బైట్లలో ఏది చీటీయో ఏది కబురో ఇక తెలీదు, లైను తెంపి మళ్లీ లాగిన్ కావాల్సిందే.

తక్కువ పడినప్పుడు ప్రోగ్రాం కుళాయి దగ్గరే కళ్లప్పగించి నిలబడకూడదు. నిలబడితే స్క్రీను బిగుసుకుపోతుంది, మౌసు నొక్కినా పలకదు. వంటమనిషి అన్నం పొయ్యి మీద పెట్టి ఈలోగా కూర తరగడం చూశాం కదా. అలాగే "నీళ్లొస్తే పిలువు" అని ఆపరేటింగ్ సిస్టంకి చెప్పి వేరే పని చూసుకోవాలి.

తీసిన ప్యాకెట్ చానెల్ 2ది అయితే దాని లోపల ఇంకో చీటీ ఉంటుంది. దాని పేరు స్నాక్ (సాయంత్రం పెట్టే గుగ్గిళ్లు కాదు!). ఇది 10 బైట్లు. 2 బైట్లు కుటుంబం, 2 రకం, 2 గుర్తులు, 4 ప్రశ్న నంబరు. వార్డెన్ సార్ ఉత్తరాలను తరగతుల వారీగా పంచినట్టు ప్రోగ్రాం వీటిని పంచుతుంది. కుటుంబం 4 రకం 7 అయితే ఎవరో మెసేజి పంపారు, కిటికీ తెరవాలి. కుటుంబం 3 రకం 11 అయితే స్నేహితుడు లైన్లోకి వచ్చాడు, 12 అయితే వెళ్లిపోయాడు. మనం ఏదైనా అడిగి ఉంటే, జవాబు మీద మన ప్రశ్న నంబరే ఉంటుంది, దాన్ని బట్టి ఏ ప్రశ్నకి ఏ జవాబో కలుపుకోవచ్చు. తెలియని రకం వస్తే? గాభరా వద్దు. పొడవు తెలుసు కాబట్టి అన్ని బైట్లు దాటేసి తర్వాతి చీటీకి వెళ్లాలి. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చినది ఇదే. అర్థం కానిదాన్ని కూడా కొలిచి పక్కన పెట్టొచ్చు.

కానీ చీటీ మీద రాసిన అంకెను నమ్మొచ్చా? ఇక్కడే ప్రమాదం ఉంది.

మన స్టాకు రిజిస్టరులో పేరు గడి, దాని పక్కన సంతకం గడి ఉంటాయి. ఎవరో పేరు గడి దాటి రాసుకుంటూ పోతే సంతకం చెరిగిపోతుంది. కంప్యూటర్ మెమరీలో కూడా గడులు పక్కపక్కనే ఉంటాయి. ప్రోగ్రాం ఒక పనికి వెళ్లేటప్పుడు, అయ్యాక తిరిగి ఎక్కడికి రావాలో ఒక గడిలో రాసి పెట్టుకుంటుంది. వచ్చిన ప్యాకెట్ పొడవును తన గడి పొడవుతో సరిచూడకుండా కాపీ చేసుకుంటే, పొంగిన బైట్లు ఆ తిరుగుదారి గడిని చెరిపేస్తాయి. అక్కడ ఏం రాయాలో పంపినవాడు తెలిసే రాస్తే, మన కంప్యూటర్ అతను చెప్పిన పని చేస్తుంది.

ఇది కథ కాదు. 1999 జూలైలో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఎంఎస్ఎన్ మెసెంజర్ తెచ్చింది. అది ఏఐఎం వాళ్లతో కూడా మాట్లాడగలిగేది. ఏఓఎల్ కి నచ్చలేదు. అడ్డుకట్ట వేస్తే మైక్రోసాఫ్ట్ దాటేది, మళ్లీ వేస్తే మళ్లీ దాటేది. చివరికి ఏఓఎల్ ఏం చేసిందంటే, తన సొంత ఏఐఎం ప్రోగ్రాంలో ఉన్న ఈ లోపాన్నే వాడుకుంది. సర్వరు నుంచి గడి పొంగేంత ప్యాకెట్ పంపింది. అసలు ఏఐఎం అయితే పొంగి ఒక జవాబు పంపుతుంది. ఎంఎస్ఎన్ లో ఆ లోపం లేదు కాబట్టి పంపలేదు, దొరికిపోయింది! దొంగను పట్టడానికి సొంత ఇంటి గోడకి కన్నం వేసుకున్నట్టుంది కదా. నా ఉద్దేశంలో అది చాలా తప్పు పని. ఆ లోపం ఉన్న ప్రోగ్రాం నడిపేది మామూలు జనం.

2002 జనవరిలో ఏఐఎంలోనే ఇంకో కన్నం బయటపడింది. "గేమ్ ఆడదాం రా" అని పిలిచే ప్యాకెట్టును పొంగేలా తయారు చేసి పంపితే చాలు. అప్పుడు ఏఓఎల్ తన సర్వర్ల దగ్గరే అలాంటి ప్యాకెట్లను వడకట్టింది. 2019 మే నెలలో వాట్సాప్ లో కూడా ఇదే జాతి లోపం దొరికింది. వాట్సాప్ కాల్ తో పాటు వచ్చే ప్యాకెట్లలో తేడా పెట్టి పంపేవాళ్లు. అవతలి మనిషి ఫోన్ ఎత్తకపోయినా గూఢచారి ప్రోగ్రాం లోపలికి దిగేది. సుమారు 1,400 మందిని అలా గురిపెట్టారని కంపెనీ కోర్టులో చెప్పింది.

కాబట్టి తొట్టి లెక్కలో ఇంకో మెట్టు కలపాలి. చీటీ చదవగానే మొదటి బైటు 42 అవునా కాదా చూడాలి. కాకపోతే లెక్క ఎక్కడో తప్పింది, లైను తెంపేయాలి. తర్వాత పొడవు చూడాలి. రెండు బైట్లలో 65,535 దాకా రాయొచ్చు, మన గడి అంత ఉందా? లోపలి చీటీల్లో కూడా పొడవులుంటాయి, అవి బయటి పొడవును మించకూడదు. పెద్ద పెట్టె 90 అంటుంటే లోపలి పొట్లం 200 అంటే ఎలా కుదురుతుంది?

ఇక మీ వంతు. తొట్టిలో 200 బైట్లు ఉన్నాయి. ముందున్న చీటీ ఇది:

42 | 2 | 0 | 9 | 1 | 4

మొత్తం ప్యాకెట్ ఎన్ని బైట్లు? ఇంకా ఎన్ని రావాలి? ఒకవేళ మొదటి అంకె 42 బదులు 43 ఉంటే ఏం చేస్తారు? జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక పక్కనున్న పెట్టెలో వేయండి. పేరు, తరగతి, రూమ్ నంబరు మరవకండి. సరైన జవాబులు వచ్చే సంచికలో.