మూత్రపిండ రోగులు – పొడి పానీయములలోని ఖనిజ లవణములు

రాయపూరు నగరమందలి భన్‌పురి పారిశ్రామిక వాడలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. ఇట్టిచోట నీరసించినవారికి, జబ్బుపడి లేచినవారికి ‘బలమునకు’ డబ్బా పొడిని పాలలో కలిపి ఇచ్చుట కుటుంబములలో వాడుక. ఆరోగ్యవంతునకు ఇది సాధారణముగా హాని చేయదు. మూత్రపిండములు చెడినవానికి మాత్రము ఇదే పానీయము ప్రాణాపాయము కలిగింపవచ్చును. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమును, ఛత్తీస్‌గఢ్‌లోని గరియాబంద్ జిల్లా సుపేబేడా గ్రామమును ఈ వ్యాధి పీడించిన తీరు ఎరిగినవారికి ఈ హెచ్చరిక అవసరము వేరుగ చెప్పనక్కరలేదు.

ఆహారముతో వచ్చు లవణములలో మిగులును మూత్రపిండములు బయటికి పంపును. అవి క్షీణించినపుడు ఆ మిగులు రక్తములోనే నిలిచిపోవును. పొటాషియము పెరిగినచో కండరములు బలహీనమగును. గుండె లయ తప్పి ఆగిపోవచ్చును. ముందుగా ఏ సూచనయు కనిపింపకపోవచ్చును. భాస్వరము పెరిగినచో దురద పుట్టును, ఎముకలు బలహీనపడును, రక్తనాళములు గట్టిపడును. సోడియము వలన దాహము, వాపు, రక్తపు పోటు హెచ్చును.

లేబులు చదువుటలో జాగ్రత్త వలయును. మన దేశమున సాధారణ ఆహారపు పొట్లములపై సోడియము పరిమాణము తెలుపుట నిర్బంధము. పొటాషియము, భాస్వరముల విషయమున అట్టి నిర్బంధము లేదు. కనుక లేబులుపై లేనిది డబ్బాలోనూ లేదని తలపరాదు. పదార్థముల పట్టికలో ‘ఫాస్ఫేటు’ అను మాట గాని, 339, 340, 341, 450, 451, 452 అను సంఖ్యలు గాని ఉన్నచో భాస్వరము చేర్చిరని గ్రహింపవలెను. పప్పు ధాన్యములలోని భాస్వరము కొంతయే ఒంటబట్టును. ఇట్లు చేర్చినది చాలవరకు రక్తములో చేరును. 508 అనగా పొటాషియము క్లోరైడు. ‘ఉప్పు తక్కువ’ అను సరకులలో ఉప్పునకు బదులు దీనిని వాడుట కలదు.

లెక్క చూచు విధము ఇట్టిది. 100 గ్రాముల పొడిలో 800 మిల్లీగ్రాముల పొటాషియము ఉన్నదనుకొనుడు. 30 గ్రాములలో 240 మిల్లీగ్రాములు వచ్చును. 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 300 ఉండును. మొత్తము 540, రెండుపూటలకు 1,080. కొందరు రోగులకు వైద్యులు దినమునకు 2,000 మిల్లీగ్రాముల హద్దు విధింతురు. అందు సగమునకు పైగా పానీయమే తీసికొనును!

మధుమేహ రోగులకని అమ్ము పొడి మూత్రపిండ రోగికి తగినదని భావింపరాదు. మూత్రపిండ రోగులకే చేసిన పొడులలోను రెండు తరగతులు కలవు: డయాలిసిస్ చేయించుకొనువారికి మాంసకృత్తులు ఎక్కువ, ఇతరులకు తక్కువ. ఒకరి డబ్బాను మరియొకరు వాడరాదు. వైద్యుడు వ్రాసి ఇచ్చిన పొడిని భయపడి మానుటయు తప్పే.

కావున కొత్త పొడిని కొనుటకు ముందు రోగి దాని లేబులును, తన ఇటీవలి రక్తపరీక్ష కాగితమును వైద్యునకు చూపవలెను. హఠాత్తుగా కాళ్లుచేతుల బలము తగ్గినను, గుండె దడదడలాడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.