ఆ టీ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి

ప్రశ్న: నా వయసు 58. బీపీకి టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. నాలుగు నెలలుగా ఏది తిన్నా కడుపు ఉబ్బరంగా ఉంటోందని మా అమ్మాయి అరుగుదలకు మంచిదని మూలికల టీ తెప్పించింది. రోజూ పొద్దున, రాత్రి పడుకునే ముందు తాగుతున్నాను. ఉబ్బరం కాస్త తగ్గింది కానీ రాత్రిళ్లు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. బీపీ 150 దాటుతోంది, పిక్కలు పట్టేస్తున్నాయి. అందులో సోంపు, వాము, శొంఠి, పుదీనా, అతిమధురం, సునాముఖి ఉన్నాయట. అన్నీ మనకు తెలిసినవే కదా, ఇబ్బందేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉందండీ. ఈ రోజే టీ ఆపేయండి. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు.

నాకు అన్నిటికంటే భయం అతిమధురంతోనే. అందులోని గ్లైసిరైజిన్ మూత్రపిండాల్లో కార్టిసాల్‌ను అదుపు చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. మీ మాత్రలోని క్లోర్‌థాలిడోన్ కూడా పొటాషియాన్ని తగ్గించేదే. సునాముఖి విరేచనకారి, రోజూ తాగితే ఆ దారినా కొంత పోతుంది. మూడూ ఒకే మనిషిలో కలిశాయి. పిక్కలు పట్టేయడానికి కారణం ఇదే కావచ్చు. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది. రేపే రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోండి, ఈసీజీ తీయించుకోండి. అతిమధురం ప్రభావం ఆపిన వెంటనే పోదు, కొన్ని వారాలు పట్టొచ్చు. అందాకా బీపీ తరచూ చూసుకోండి.

మంటకు పుదీనా కారణం కావచ్చు. అందులోని మెంథాల్ పేగు కండరాలను సడలిస్తుంది, అందుకే ఉబ్బరం తగ్గింది. అయితే అన్నవాహిక చివరనున్న బిగువునూ సడలిస్తుంది. పడుకోగానే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. పేగు సమస్యలకు పుదీనా నూనెను పొట్టలో కరగని గొట్టం మాత్రల్లో ఇచ్చేది ఇందుకే.

మిగిలినవాటిలో సోంపు మీకు నిశ్చింతగా చెప్పగలను. అర చెంచా గింజలు నలగ్గొట్టి, మరిగిన నీళ్లలో వేసి, పది నిమిషాలు మూత పెట్టి ఉంచండి. గుణమంతా ఆవిరైపోయే నూనెలోనే ఉంటుంది కాబట్టి మూత తప్పనిసరి. మధ్యాహ్నం భోజనం తర్వాత తాగండి, పడుకునే ముందు వద్దు. వాము, శొంఠి ఘాటైనవి, మంట పూర్తిగా తగ్గాక చూద్దాం.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో టీ గురించే ఎక్కువ రాశారు గానీ, నన్ను ఆలోచింపజేస్తున్నది ఆ నాలుగు నెలల ఉబ్బరం. యాభై దాటిన స్త్రీలలో కొత్తగా మొదలై వదలకుండా ఉండే ఉబ్బరాన్ని గ్యాస్ అని సరిపెట్టకూడదు. అరుదుగానైనా అండాశయాల క్యాన్సర్ ఇలాగే మొదలవుతుంది. కడుపు, పొత్తికడుపు స్కానింగ్ చేయించుకోండి. ఎండోస్కోపీ కావాలో లేదో గ్యాస్ట్రోఎంటరాలజిస్టు చూసి చెబుతారు. బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, విరేచనం తారులా నల్లగా రావడం ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

గుండెల్లో మంట అనుకున్నది బరువుగా మారి, చెమటలు పట్టి, దవడకో ఎడమ చేతికో పాకితే వాము నీళ్లు తాగి చూద్దామనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.