పొద్దున బ్రెడ్ మానేస్తే షుగర్ తగ్గుతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల. వయసు 52. షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. రోజూ పొద్దున చాయ్‌తో నాలుగు బ్రెడ్ ముక్కలు తింటాను. మానేయమంటారా, బ్రౌన్ బ్రెడ్‌కు మారమంటారా?

జవాబు: నిక్షేపంగా మానేయండమ్మా. కానీ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా ఉండొద్దు. కొన్ని మాత్రలతో అలా చేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.

బ్రెడ్ బదులు ఏం తింటారన్నదే ముఖ్యం. ఆదిలాబాద్ గోండు గూడేల్లో తరతరాలుగా తింటున్న జొన్న గట్క, జొన్న రొట్టె మీకూ కొత్త కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం బ్రెడ్ చేసే మైదాలో 100 గ్రాములకు పీచు 3 గ్రాముల లోపే, జొన్నల్లో 10 గ్రాముల దాకా ఉంటుంది. పీచు ఎక్కువైతే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. పైగా మీ నాలుగు ముక్కల్లో దాదాపు గ్రాము ఉప్పు ఉంటుంది, నాలుకకు తెలియదు. బీపీ కూడా ఉంటే అది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

గట్క అంటే జొన్న రవ్వ ముద్దే; రవ్వను ఉడికించి మజ్జిగతోనో పప్పుతోనో తినండి. అలాగని కడుపు నిండా తినకూడదు, జొన్నల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ. ఒక గిన్నెడు గట్క లేదా రెండు చిన్న రొట్టెలు, పక్కన పప్పో గుడ్డో, ఆకుకూర ఉంటే చాలు.

బ్రౌన్ రంగును నమ్మకండి. ప్యాకెట్ వెనుక పదార్థాల్లో మొదటి పేరు మైదా అయితే అది మామూలు బ్రెడ్డే. మార్పు మొదలుపెట్టాక తిన్న రెండు గంటలకు షుగర్ చూసుకుని, ఆ అంకెలు మీ డాక్టరుకు చూపించండి. మాత్ర మోతాదు తగ్గించాల్సి రావచ్చు.